గేర్‌బాక్స్ దించే ముందు: సొంతంగా కట్టిన కారులో గలగల ఎక్కడిది?

తమ్ముడూ, మీ ప్రశ్న నిదానంగా చదివాను. చదివేవాళ్ళందరికీ అర్థమవ్వడానికి సంగతి క్లుప్తంగా చెప్తాను. పాత మారుతి ఓమ్నీ నుంచి ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ తీసుకుని, విశాఖ పెందుర్తిలో మీ మావయ్యగారి షెడ్డులో స్టీల్ ట్యూబులతో ఛాసిస్ వెల్డింగ్ చేసుకుని, ఇద్దరు కూర్చునే కారు కట్టారు. కార్బురేటర్ ఇంజన్. బయల్దేరిన పది పదిహేను నిమిషాలకి, అంతా వేడెక్కాక, యాక్సిలేటర్ తొక్కితే కింద ఎక్కడో గలగలమని చప్పుడు. రెండో గేరులో 20 కిలోమీటర్ల వేగం దగ్గర, మూడో గేరులో 30 దగ్గర, నాలుగో గేరులో 40 దగ్గర వస్తోంది. కాలు తీస్తే ఆగిపోతోంది. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేస్ చేస్తే రావడం లేదు. ఇది కాక గుంతలో దిగినప్పుడల్లా వెనకవైపు టక్కుమని ఒక దెబ్బ. ఆటోనగర్‌లో ఒకాయన గేర్‌బాక్స్ బేరింగ్ అన్నారు, ఇంకొకాయన టైమింగ్ చెయిన్ అన్నారు. ఆదివారం గేర్‌బాక్స్ దించుదామని మీ ఆలోచన.

దించకండి. కనీసం ఈ ఆదివారం దించకండి. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే సగం జవాబు ఉంది. టైమింగ్ చెయిన్ మాట ముందే పక్కన పెట్టేయొచ్చు. ఓమ్నీలో వచ్చిన ఈ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌కి ఉన్నది టైమింగ్ బెల్టు, చెయిన్ లేదు.

నేను స్టీల్ ప్లాంట్‌లో తిరిగే యంత్రాల మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఫ్యాన్లు, పంపులు, పెద్ద పెద్ద గేర్‌బాక్సులు. అక్కడ మొదటి రోజు నుంచీ నేర్పే పద్ధతి ఒకటే: చప్పుడు ఎక్కడ వినిపిస్తోందని వెతక్కు, దేన్ని బట్టి మారుతోందో చూడు. సొంతంగా కట్టిన బండికి ఇది ఇంకా ఎక్కువ అవసరం. కంపెనీ కారులో ఇంజన్‌కీ బాడీకీ మధ్య రబ్బర్లు, కింద ఫెల్టు, తలుపుల్లో డాంపింగ్ షీట్లు ఉంటాయి. మీ బండిలో ఖాళీ ట్యూబులు, వాటికి రివెట్ చేసిన పలచని రేకు. ఇంజన్ పక్కన ఒక చోట చిన్న తాకిడి జరిగితే, అది ట్యూబు వెంట పరుగెత్తి సీటు కింద రేకుని మోగిస్తుంది. మీకు సీటు కింద వినిపిస్తుంది, మీరు సీటు కింద ఉన్నవన్నీ విప్పుతారు. చెవిని ఆఖరున వాడండి.

ముందు ఒక జాగ్రత్త. చప్పుడు వెతికే పనిలో పడి ప్రాణం మీదకి తెచ్చుకోకూడదు. మళ్ళీ బండి కదిలించే ముందు చక్రాల నట్లు, స్టీరింగ్ కాలమ్ జాయింట్లు, బాల్ జాయింట్లు, బ్రేకు పైపులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే పొడవాటి షాఫ్టు) ఫ్లాంజ్ బోల్టులు, ఈ ఐదూ చేత్తో పట్టుకుని, స్పానర్ పెట్టి చూడండి. వీటిలో ఏది వదులున్నా మిగతా పరీక్షలన్నీ ఆపేయండి. లేఅవుట్ లోపలి ప్రైవేటు దారిలోనే నడుపుతున్నానన్నారు, చాలా మంచిది, అక్కడే ఉండండి. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డెక్కించకూడదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి బండిని మార్చడంపై 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా గట్టిగానే చెప్పింది. సింహాచలం ఘాట్ ఎక్కించి చూద్దామని అనిపిస్తుంది, కానీ ఆ పరీక్ష మనకి అవసరం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. చప్పుడు నాలుగు రకాల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని నడుస్తుంది: ఇంజన్ తిరిగే వేగం, చక్రం తిరిగే వేగం, రోడ్డు మీద ఎగుడుదిగుడు, ఇంజన్ మీద పడే బరువు (అంటే బండిని లాగే లోడు). మీ గలగల గురించి చూద్దాం. రెండో గేరులో 20, మూడో గేరులో 30, నాలుగో గేరులో 40. ఓమ్నీ నాలుగు గేర్ల బాక్సులో రెండో గేరు రేషియో 2.1, అంటే షాఫ్టు ఒక చుట్టు తిరిగేలోపు ఇంజన్ 2.1 చుట్లు తిరుగుతుంది, మూడోది 1.4 దగ్గర ఉంటుంది. నాలుగోది డైరెక్ట్, ఒకటికి ఒకటి. 40ని 2.1తో భాగిస్తే 19. 1.4తో భాగిస్తే 28 పైన. అంటే మీరు చెప్పిన మూడు వేగాల దగ్గరా ఇంజన్ తిరుగుతున్నది దాదాపు ఒకే వేగంతో. ఇంజన్ వేగం చూపే మీ టాకోమీటర్‌లో 1800 నుంచి 2200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య అని రాశారు, లెక్క అతికినట్టు సరిపోయింది. చక్రాలు, వీల్ బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్ అన్నీ ఈ ఒక్క లెక్కతో జాబితాలోంచి పోయాయి. అవి కారణమైతే ఏ గేరులో ఉన్నా అదే వేగం దగ్గర చప్పుడు రావాలి.

ఒక్క నాలుగో గేరులో మాత్రమే పరీక్షించి ఉంటే ఇది తెలిసేది కాదు. డైరెక్ట్ గేరులో ఇంజన్, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి, ఎవరు దొంగో తేల్చలేం. గేరు మార్చి మార్చి రాసుకున్నారు చూడండి, ఆ ఓపిక చాలామందికి ఉండదు.

రెండో ముక్క: నిలబెట్టి రేస్ చేస్తే రావడం లేదు, కాలు తీస్తే ఆగుతోంది. అంటే ఇంజన్ 2000 దగ్గర తిరగడం ఒక్కటే చాలడం లేదు, దాని మీద బరువు కూడా పడాలి. ట్యాపెట్లు, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ బేరింగ్ అయితే న్యూట్రల్‌లోనూ మోగేవి. మూడో ముక్క: వేడెక్కాకే వస్తోంది. ఈ మూడూ కలిపితే మిగిలే అనుమానితులు ముగ్గురు. వేడికి పెరిగి, ఇంజన్ ఒరిగినప్పుడు ఛాసిస్‌ని తాకే సైలెన్సర్ పైపు. సిలిండర్లలో నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలడం. ఆయిల్ పలచబడ్డాక గేర్‌బాక్సులో పళ్ళ చప్పుడు. నా అనుమానం ఈ వరసలోనే ఉంది, పరీక్ష కూడా ఈ వరసలోనే చేయండి. మొదటి రెండిటికీ దాదాపు ఖర్చు లేదు, మూడోదానికి గేర్‌బాక్స్ దించాలి.

సైలెన్సర్ పైపు సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే సొంత బండ్లలో ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. స్టీలు ఒక మీటరు పొడవుకి ఒక డిగ్రీ వేడికి సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మీ పైపు ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా మీటరున్నర ఉందనుకుందాం, సగటున 300 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. అంటే 5 మిల్లీమీటర్లకు పైనే పెరుగుతుంది. ముందు కొస మానిఫోల్డ్‌కి (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే భాగానికి) బిగించి ఉంది కాబట్టి ఆ పెరుగుదల అంతా వెనక్కి వెళ్తుంది, మధ్యలో వంపు ఉంటే పక్కకి నెడుతుంది. చల్లగా ఉన్నప్పుడు షెడ్డులో వేలు పట్టేంత సందు చూసి సరిపోయిందనుకుంటాం. పదిహేను నిమిషాలకి ఆ సందులో సగం ఉండదు.

దీనికి ఇంజన్ ఒరగడం తోడవుతుంది. ఇంజన్ షాఫ్టుని ఒకవైపు తిప్పితే, ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి రెండోవైపు ఒరుగుతాయి. ఆ ఒరిగించే బలం ఎంతంటే, ఇంజన్ టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, గేరు రేషియోతో గుణించినంత. ఈ ఇంజన్‌ది మహా అయితే 60 న్యూటన్ మీటర్లు. రెండో గేరులో అది రెట్టింపు, మొదటి గేరులో మూడు రెట్లకు పైన. న్యూట్రల్‌లో రేస్ చేసినప్పుడు ఈ బలం దాదాపు ఉండదు. అందుకే నిలబెట్టి ఎంత రేస్ చేసినా మీకు చప్పుడు దొరకలేదు. ఇంకా ఒకటి: రివర్స్ గేరులో ఇంజన్ అవతలివైపు ఒరుగుతుంది. బాగా వేడెక్కాక ఖాళీ జాగాలో రివర్స్‌లో కాస్త బరువు మీద వెనక్కి పోనివ్వండి. ముందుకు వెళ్ళేటప్పుడు గలగలమని, వెనక్కి వెళ్ళేటప్పుడు నిశ్శబ్దంగా ఉందంటే, ఏదో ఒకవైపు తాకుతోందని దాదాపు ఖాయం. గేర్‌బాక్స్ విప్పితే ఆ తాకిడి కనిపించదు.

తాకే చోటు పట్టుకోవడానికి సుద్ద చాలు. బండి పూర్తిగా చల్లారాక, జాకీ మీద కాకుండా గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి కిందికి దూరండి. టార్చి వేసి, మానిఫోల్డ్ నుంచి వెనకదాకా పైపు వెంట వేలు పోనిస్తూ, ఛాసిస్ ట్యూబుకి, క్రాస్ మెంబర్‌కి, గేర్‌బాక్స్ బ్రాకెట్‌కి 20 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా వచ్చే ప్రతి చోటూ చూడండి. అక్కడ ట్యూబు మీద, పైపుకి ఎదురుగా, సుద్దపొడిని నీళ్ళతో కలిపి పులమండి, ఆరనివ్వండి. తర్వాత ఒక ఇరవై నిమిషాలు నడిపి, చప్పుడు మూడు నాలుగుసార్లు రప్పించి, మళ్ళీ చల్లారనిచ్చి చూడండి. తాకిన చోట సుద్ద రాలిపోయి, కింద పెయింటు గోరంత మేర నల్లబడి, దాని మధ్యలో స్టీలు మెరుస్తూ ఉంటుంది. చాలా సార్లు సుద్ద పూయక ముందే ఆ మెరుపు కనిపిస్తుంది. పెయింటు కొత్తది కాబట్టి మీ బండిలో ఇంకా తేలిక.

దొరికితే ఏం చేయాలి? పైపుని సుత్తితో కొట్టి సందు చేయడం, మధ్యలో రబ్బరు ముక్క దూర్చడం వద్దు. రబ్బరు కాలిపోతుంది, పొగ క్యాబిన్‌లోకి వస్తుంది. సైలెన్సర్ బ్రాకెట్‌ని నేరుగా ఛాసిస్‌కి వెల్డ్ చేశానని మీ ఫొటోలో చూశాను. అదే మొదట మార్చాల్సింది. ఇంజన్ కదులుతుంది, సైలెన్సర్ కదలదు, ఆ మధ్య పైపు ఇరుక్కుంటుంది. ఇవాళ గలగల, రేపు మానిఫోల్డ్ దగ్గర పగులు. సైలెన్సర్‌ని రబ్బరు రింగులతో వేలాడదీయండి, మానిఫోల్డ్ తర్వాత ఒక ఫ్లెక్సిబుల్ బెల్లోస్ (వంగే ముడతల గొట్టం) వేయించండి, చుట్టూ 20 మిల్లీమీటర్ల సందు వచ్చేలా వంపు మార్పించండి. మన ఊళ్ళో షిప్‌యార్డులోనో, బీహెచ్‌పీవీలోనో పైపు పని చేసినవాళ్ళు ఎవరైనా తెలిసుంటే వాళ్ళ చేత చేయించండి, పైపు అతుకు వాళ్ళ చేతిలో వచ్చినంత శుభ్రంగా ఇంకెక్కడా రాదు. పెట్రోలు పైపు, బ్రేకు పైపు సైలెన్సర్‌కి దూరంగా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి. పాత సైలెన్సరే వాడి ఉంటే చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో ఒక దెబ్బ వేయండి. లోపలి రేకులు తుప్పుకి ఊడి ఉంటే అప్పుడే గలగలమని చెప్పేస్తుంది.

సైలెన్సర్ ఎక్కడా తాకడం లేదని తేలితే ఇంజన్ మౌంటింగులు చూడండి. మూడు సిలిండర్ల ఇంజన్‌కి స్వభావరీత్యా ముందూ వెనకా ఊగే గుణం ఉంది, దాన్ని మింగడానికే మెత్తటి రబ్బర్లు పెడతారు. మీరు ఓమ్నీ మౌంటింగులే వాడి, కోణం మార్చి బిగించి ఉంటే, బరువు మీద రబ్బరు పూర్తిగా నలిగి లోపలి రేకు బయటి రేకుని తాకుతుంది. అక్కడ కూడా మెరిసే మచ్చే సాక్ష్యం.

ఇక నాకింగ్. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు ఉంటుంది, సరిగ్గా మీరు రాసిన గలగలే. బరువు మీద, తక్కువ ఆర్‌పీఎంలో, వేడి మీద వస్తుంది కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. డిస్ట్రిబ్యూటర్ ఇప్పుడున్న చోట గీత గీసి పెట్టుకుని, స్పార్క్ టైమింగ్‌ని (ప్లగ్గులు నిప్పు వేసే సమయాన్ని) రెండు మూడు డిగ్రీలు వెనక్కి తిప్పి మళ్ళీ నడపండి. చప్పుడు పోయినా, బాగా తగ్గినా నాకింగే. అప్పుడు టైమింగ్ లైటు పెట్టించి సరిచేయించండి, అలాగే వదిలేస్తే పిస్టన్ పోతుంది. రేడియేటర్‌కి పొడవు పైపులు వేశారు కదా, వాటిలో గాలి చిక్కుకుని హెడ్డు అతిగా వేడెక్కుతోందేమో కూడా చూడండి. కార్బురేటర్ కింద గాలి లీకైనా మిక్చర్ పలచబడి ఇదే జబ్బు వస్తుంది. లోతుగా, దబదబమనే దెబ్బ వినిపించి, ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం పరీక్షలేవీ వద్దు, అక్కడే ఇంజన్ ఆపేయండి. అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు.

గేర్‌బాక్స్‌ని మూడో స్థానంలో ఎందుకు పెట్టానంటే, పళ్ళ చప్పుడు మామూలుగా న్యూట్రల్‌లో ఐడిలింగ్‌లోనే బయటపడుతుంది, క్లచ్ తొక్కగానే ఆగుతుంది. మీకు ఐడిలింగ్ నిశ్శబ్దంగా ఉంది. ఒకటి మాత్రం కనుక్కోండి: క్లచ్ ప్లేటు మార్చానన్నారు, కొత్తదానిలో మధ్యన చిన్న స్ప్రింగులు ఉన్నాయా? ఇంజన్ కుదుపుల్ని గేర్లదాకా పోకుండా ఆపేవి అవే. మిగతా రెండూ కాదని తేలాకే ఆ వైపు వెళ్ళాలి.

ప్రొపెల్లర్ షాఫ్టు ఈ చప్పుడుకి కారణం కాకపోయినా, కోసి పొట్టి చేయించానని రాశారు కాబట్టి ఒక మాట. రెండు కొసల్లోని యోకులూ (జాయింటుని పట్టుకునే చీలిన కొసలు) ఒకే వరసలో ఉన్నాయా చూడండి. వెల్డింగ్‌లో కాస్త తిరిగినా షాఫ్టు ప్రతి చుట్టుకి రెండుసార్లు గుంజుతుంది. గేర్‌బాక్స్ చివర కోణం, యాక్సిల్ దగ్గర కోణం ఫోనులోని లెవల్ యాప్‌తో కొలవచ్చు, రెండూ దాదాపు సమానంగా ఉండాలి. బ్యాలెన్సింగ్ చేయించకపోతే చేయించండి, దాని చుట్టూ ఒక ఇనప లూపు తప్పకుండా పెట్టండి. జాయింటులోని క్రాస్ విరిగితే ఆ షాఫ్టు మీ కాళ్ళ దగ్గరికే వస్తుంది.

గుంతలో టక్కుమనే దెబ్బ వేరే జబ్బు, రెండిటినీ కలిపి చూడకండి. బండి జాకీ మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగా కమాను కట్టల బుష్ బోల్టులు బిగించారా? సొంతంగా కట్టేవాళ్ళలో చాలామంది అలాగే చేస్తారు, పని సౌకర్యంగా ఉంటుంది కాబట్టి. రబ్బరు బుష్ తిరగదు, మెలితిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి నేలమీదకి దిగేసరికే అది పూర్తిగా మెలిపడి ఉంటుంది. కొన్నాళ్ళకి చిరిగి, ఇనుముకి ఇనుము తగిలి టక్కుమంటుంది. అన్ని బుష్ బోల్టులూ వదులు చేసి, బండిని చక్రాల మీద నిలబెట్టి, ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించండి. షాకబ్జర్ పైకొస బుష్‌కి కూడా అదే పద్ధతి. కమాను కట్ట యూ బోల్టులు కొంత దూరం నడిచాక మళ్ళీ టైట్ చేయాలి, కొత్తగా బిగించినవి కూర్చుంటాయి.

ఒక మాట గుర్తొచ్చింది. ఇంజనీరింగ్ విద్యార్థులు కట్టిన ఒక బగ్గీ ఇలాగే మా దగ్గరికి వచ్చింది. సస్పెన్షన్ మొత్తం మార్చేశారు, చప్పుడు పోలేదు. ఆఖరికి ట్యూబుల్ని ఒక్కొక్కటే రబ్బరు సుత్తితో తడుతూ పోతే, సీటు వెనక అడ్డంగా ఉన్న ట్యూబు లోపల ఏదో దొర్లింది. చిన్న రంధ్రం వేసి చూస్తే వెల్డింగ్ సమయంలో లోపల పడిపోయిన నట్టు. రెండు కొసలూ మూసేసిన ట్యూబులో అది ఎప్పటికీ బయటికి రాదు. మీ ట్యూబులు కూడా తట్టి చూడండి, పావుగంట పని. ఫ్లోర్ రేకు రివెట్లు కూడా నొక్కి చూడండి. మన ఊరి సముద్రపు గాలికి స్టీలు రేకులో అల్యూమినియం రివెట్ల చుట్టూ తెల్లటి పొడి వచ్చి రంధ్రాలు వదులవుతాయి. హ్యాండ్‌బ్రేకు కేబులు ట్యూబుకి కొట్టుకోవడం, బ్రేకు పైపుకి క్లిప్పులు దూరదూరంగా ఉండడం, ఇవి కూడా చూసేయండి.

సుద్ద పరీక్ష, రివర్స్ పరీక్ష, టైమింగ్ పరీక్ష మూడూ చేశాక కూడా తేలకపోతే ఒక రికార్డింగ్ పంపండి. ఫోనుని సీటు కింద ట్యూబుకి గట్టిగా కట్టి, ఇంకో ఫోనుతో టాకోమీటర్ వీడియో తీయండి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే రెండిటినీ కలపడం తేలిక. నాలుగో గేరులో 2000 దగ్గర ఒక పది సెకన్లు నిలకడగా పట్టుకోండి, తర్వాత మూడో గేరులో అదే 2000 దగ్గర. ఏదైనా ఉచిత ఆడియో యాప్‌లో ఆ చప్పుడుని పెద్దది చేసి, దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం మీరే చూడొచ్చు. 2000 ఆర్‌పీఎంలో ఇంజన్ సెకనుకి 33 చుట్లు తిరుగుతుంది, మూడు సిలిండర్లు కలిపి 50 సార్లు పేలతాయి. దెబ్బల మధ్య 20 మిల్లీసెకన్లు ఉంటే పేలుడుని బట్టి వస్తోంది, అంటే సైలెన్సర్, నాకింగ్, మౌంటింగ్. 30 ఉంటే చుట్టుకి ఒకటి, ఫ్లైవీలు, క్లచ్ వైపు చూడాలి. 60 ఉంటే క్యామ్‌షాఫ్ట్ వైపు. చప్పుడు చక్రానిదే అయితే, 12 అంగుళాల చక్రానికి 40 వేగంలో దాదాపు 150 ఉండాలి. రెండు గేర్లలో ఏ అంకె వచ్చిందో, రివర్స్‌లో చప్పుడు ఉందో లేదో రాయండి. గేర్‌బాక్స్ బోల్టులు అప్పటిదాకా ముట్టుకోవద్దు.